పాట వెంట పరుగు – 7వ భాగం: యాప్ రేడియో అవుతుందా?

2001 జులైలో, ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ మూతపడటంతో గత భాగం ముగిసింది. అమెరికా కోర్టులు ఆ సేవను ఆపాయి గానీ, పాట కంప్యూటర్‌లోనే దొరుకుతుందని ఒకసారి తెలుసుకున్న శ్రోతను మళ్లీ క్యాసెట్ కొట్టు దాకా నడిపించలేకపోయాయి. 2003 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ స్టోర్ తెరిచి పాటను 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది. రికార్డు కంపెనీలతో ముందే కూర్చుని, ధర మాట్లాడుకుని, సంతకాలయ్యాక తెరిచిన దుకాణం అది. అప్పటినుంచి పాటల హక్కుల చరిత్రలో రెండు పద్ధతులు పక్కపక్కనే సాగుతున్నాయి. అనుమతి తీసుకుని వినిపించడం ఒకటి. ముందు వినిపించి, అనుమతి అక్కర్లేదని కోర్టులో వాదించడం రెండోది.

మన దేశంలో ఈ రెండో పద్ధతి ఎవరూ ఊహించని రూపంలో వచ్చింది. అనుమతి అక్కర్లేదని ఇక్కడ వాదించినవాళ్లు హాస్టల్ గదుల్లో పాటలు పంచుకున్న కుర్రాళ్లు కాదు, దేశంలోని అతి పెద్ద టెలికాం కంపెనీల్లో ఒకటి. వాళ్లు తమకు అండగా చూపించింది కూడా కాపీరైట్ చట్టంలోనే ఉన్న ఒక సెక్షన్‌ని. దాని నంబరు 31డి. ఈ భాగమంతా ఆ సెక్షన్ కథే.

భారతీ ఎయిర్‌టెల్ 2014 సెప్టెంబరులో వింక్ మ్యూజిక్ అనే యాప్‌ను విడుదల చేసింది. సిమ్ కార్డు ఎవరిదో డేటా వాళ్లది, పాటల యాప్ కూడా వాళ్లదే కావడంతో వింక్ త్వరగా కోట్లమంది ఫోన్లలోకి చేరింది. అందులో వినిపించిన పాటల్లో టిప్స్ ఇండస్ట్రీస్ పాటలు వేలల్లో ఉండేవి. తౌరానీ సోదరులు నడిపే ఈ ముంబయి కంపెనీ దగ్గర 1990ల హిందీ సినిమా పాటల పెద్ద నిధి ఉంది. 1996లో ఊరూరా మోగిన 'రాజా హిందుస్తానీ' పాటలు వాళ్లవే. రెండు కంపెనీల మధ్య లైసెన్సు ఒప్పందం ఉండేది. దాని గడువు 2016లో తీరింది. కొత్త ధర దగ్గర మాట కుదరలేదు. టిప్స్ అడిగినంత వింక్ ఇవ్వనంది, వింక్ ఇస్తానన్నది టిప్స్‌కు నచ్చలేదు.

వ్యాపారంలో ఇలాంటివి మామూలే. బేరం కుదరకపోతే సరుకు తిరిగిచ్చేస్తారు. 2017 నవంబరులో టిప్స్ నోటీసు పంపి, తమ పాటలు తీసేయమంది. వింక్ తీసేయలేదు. తమది కూడా ప్రసారమేననీ, ప్రసార సంస్థలకు చట్టమే లైసెన్సు ఇస్తోందనీ, 31డి కింద తాము రాయల్టీ కట్టి పాటలు వినిపించుకుంటామనీ జవాబిచ్చింది. అంటే అమ్మనని యజమాని చెప్పినా, చట్టం చెప్పిన ధరకు కొనుక్కునే హక్కు తమకుందని వాదన. 2018 మొదట్లో టిప్స్ బొంబాయి హైకోర్టుకు వెళ్లింది.

ఈ వాదన ఎంత పెద్దదో అర్థం కావాలంటే పాటలో ఎవరి హక్కు ఎంతో ముందు తెలియాలి. ఒక సినిమా పాట ఒకే పొలానికి మూడు పట్టాలు ఉన్నట్టుంటుంది. రాసిన మాటలు సాహిత్య కృతి, వాటి మీద గీత రచయితకు హక్కు. బాణీ సంగీత కృతి, దాని మీద సంగీత దర్శకుడికి హక్కు. స్టూడియోలో రికార్డయిన శబ్దం మూడోది, దాని మీద రికార్డు చేయించినవాడికి, అంటే నిర్మాతకో ఆయన దగ్గర ఆడియో హక్కులు కొన్న కంపెనీకో హక్కు. పాడినవాళ్లకు 1995 దాకా మన చట్టంలో ఏ హక్కూ లేదు. 1994 సవరణ తర్వాతే ప్రదర్శకుల హక్కు అనేది వచ్చింది.

కాగితం మీద మూడు హక్కులున్నా అనుభవించింది ఒక్కరే. దానికి కారణం 1977 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు. రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీలు వసూలు చేయడానికి 1969లో ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఏర్పడింది. ఐపీఆర్‌ఎస్ అంటే అందరికీ తెలుస్తుంది. పుట్టిన ఏడాదే అది సినిమా పాటల బహిరంగ ప్రదర్శనకు రుసుముల పట్టిక ప్రకటించింది. నిర్మాతలు, థియేటర్ల యజమానులు అభ్యంతరం పెట్టారు. కాపీరైట్ బోర్డు సొసైటీ పక్షాన నిలిచింది, కలకత్తా హైకోర్టు దాన్ని తిరగరాసింది, సుప్రీంకోర్టు హైకోర్టు మాటే ఖాయం చేసింది. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం పాట రాయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ హక్కుకు మొదటి యజమాని నిర్మాతేనని తేల్చింది.

ఆ తీర్పు చివర న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా ఒక చిన్న అనుబంధం రాశారు. ఈ చట్టం బాణీ కట్టినవాడిని గుర్తిస్తోంది గానీ ఆ బాణీకి ప్రాణం పోసే గాయకుణ్ని గుర్తించడం లేదనీ, ఇది భారతీయ సంగీత స్వభావానికే విరుద్ధమనీ, పార్లమెంటు దీన్ని సరిదిద్దాలనీ ఆయన కోరారు. తీర్పు ఫలితాన్ని ఆ మాటలు మార్చలేదు. కానీ న్యాయమూర్తే చట్టం లోటును ఎత్తి చూపిన ఆ రెండు మూడు పేరాలను తర్వాతి తరం గాయకులు, రచయితలు పదేపదే ఉదహరించారు. మన కాపీరైట్ చరిత్రలో ఇంత చిన్న అనుబంధం ఇంతకాలం పనిచేయడం అరుదు.

తీర్పు పని తీర్పు చేసింది. ముప్పై అయిదేళ్లపాటు గీత రచయిత, సంగీత దర్శకుడు ఒకసారి పారితోషికం తీసుకుంటే ఆ పాటతో లెక్క తీరిపోయినట్టే. గ్రామఫోను రికార్డు పోయి క్యాసెట్ వచ్చింది, క్యాసెట్ పోయి సీడీ వచ్చింది. ప్రతి కొత్త యంత్రంతోనూ అదే పాట మళ్లీ అమ్ముడైంది. 2000 తర్వాత సెల్‌ఫోన్ కంపెనీలు కాలర్ ట్యూన్లు అమ్మాయి. పల్లవిలోని కొద్ది సెకన్ల ముక్కకు నెలనెలా వినియోగదారుడి ఖాతాలోంచి డబ్బు కోసేవారు. పాటను ముక్కలుగా అమ్మొచ్చని అప్పటిదాకా ఏ ఒప్పందంలోనూ ఎవరూ రాసుకోలేదు. ఆ ముక్క రాసినవాడికి మాత్రం ఏమీ రాలేదు.

ఇంతలో రేడియో వేరే గొడవ తెచ్చింది. 2001 తర్వాత ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు వచ్చాయి. ప్రకటనల మీద బతికే ఈ స్టేషన్లకు సినిమా పాట తప్ప వేరే సరుకు లేదు. ఆడియో కంపెనీలేమో పాట మోగే గంటల లెక్కన రుసుము అడిగాయి. అంత ఇచ్చుకుంటే స్టేషన్ మూసుకోవాలని రేడియోవాళ్లు గోలపెట్టారు. రేడియో మిర్చి నడిపే కంపెనీకీ టి-సిరీస్‌కూ మధ్య వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కంపెనీ అసమంజసమైన షరతులు పెడుతుంటే కాపీరైట్ బోర్డు జోక్యం చేసుకుని తప్పనిసరి లైసెన్సు ఇప్పించవచ్చని 2008 మే నెలలో కోర్టు చెప్పింది. 2010 ఆగస్టులో బోర్డు గంటల లెక్క పక్కనపెట్టి, నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం రాయల్టీగా ఖరారు చేసింది. రేడియో స్టేషన్లు పండగ చేసుకున్నాయి. ఆడియో కంపెనీలు తమ ఆస్తిని కారుచౌకగా కట్టబెట్టారని మండిపడ్డాయి.

ఈ రెండు గొడవలూ, అంటే రచయితల బాధ, రేడియోల బేరం, 2012లో ఒకే చట్ట సవరణలో కలిశాయి. మే 17న రాజ్యసభ, 22న లోక్‌సభ ఆమోదించాయి. జూన్ 21 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. కవి, సినీ రచయిత జావేద్ అఖ్తర్ అప్పటికి నామినేటెడ్ సభ్యుడిగా రాజ్యసభలో ఉన్నారు. బిల్లు వెనక ఏళ్లతరబడి తిరిగి, రచయితల పక్షాన సభలో మాట్లాడింది ఆయనే. తాము రాసిన పాటలు దేశమంతా మోగుతుండగా చివరి రోజుల్లో వైద్యానికి కూడా డబ్బుల్లేక పోయిన కళాకారుల గురించి ఆ చర్చల్లో పదేపదే వినిపించింది. సినిమా పాటను ప్రాణంగా చూసుకునే దేశం ఆ పాట రాసినవాళ్లను అంతకాలం అలా వదిలేయడం క్షమించరానిది. 2012 సవరణను ఆ అపరాధానికి మొదటి దిద్దుబాటుగానే చూడాలి.

సవరణ చేసింది ఇది. సినిమా హాల్లో సినిమాతోపాటు వినిపించినప్పుడు తప్ప, పాట మరెక్కడ మోగినా రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు. రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. దానితోపాటు మరో ముఖ్యమైన నియమం: ఒప్పందం రాసుకునేనాటికి వాడుకలో లేని మాధ్యమానికి హక్కులు బదిలీ కావు, ఆ మాధ్యమాన్ని పేరుపెట్టి రాసుకుంటే తప్ప. భవిష్యత్తులో కనిపెట్టబోయే యంత్రాలన్నిటికీ కలిపి ఒక్క వాక్యంలో హక్కులు రాయించుకునే పాత అలవాటుకు ఇది అడ్డుకట్ట.

రేడియోల కోసం పెట్టింది 31డి. ప్రసార సంస్థ ముందుగా నోటీసు ఇచ్చి, బోర్డు నిర్ణయించిన రేటు ప్రకారం రాయల్టీ ముందే కట్టి, యజమాని అనుమతి లేకుండానే పాట ప్రసారం చేయవచ్చు. దాన్ని చట్టబద్ధ లైసెన్సు అంటారు. షరతులున్నాయి. లెక్కలు రాసిపెట్టాలి, యజమాని వచ్చి చూస్తానంటే చూపించాలి. పాటలో మార్పులు చేయకూడదు. రచయితల పేర్లు, ముఖ్య గాయకుల పేర్లు పాటతోపాటు ప్రకటించాలి. ఆకాశవాణి, వివిధ భారతి విన్న తెలుగు శ్రోతకు ఈ చివరి షరతు కొత్త కాదు. రచన ఎవరిది, సంగీతం ఎవరిది, పాడినదెవరు అని అనౌన్సర్ చెప్పకుండా అక్కడ పాట మొదలయ్యేది కాదు. యాప్‌లు వచ్చాక చాలాకాలం గీత రచయిత పేరే తెర మీద కనిపించకుండా పోయింది. వేటూరి పాట వింటున్నామో సీతారామశాస్త్రి పాట వింటున్నామో కొత్త శ్రోతకు తెలిసే దారి లేకపోవడం చిన్న నష్టం కాదు.

2017కే మళ్లీ వద్దాం. టిప్స్ నోటీసు పంపిన ఆ ఏడాదే మార్చిలో తెలుగు, తమిళ శ్రోతలను కలవరపెట్టిన మరో నోటీసు వచ్చింది. గాయకుడిగా యాభై ఏళ్లు పూర్తయిన సందర్భంగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. తన అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదని ఇళయరాజా తరఫు న్యాయవాది నుంచి బాలుకూ, గాయని చిత్రకూ, నిర్వాహకులకూ నోటీసు అందింది. బాలు ఫేస్‌బుక్‌లో ఆ సంగతి చెప్పి, ఇకమీదట ఆ కచేరీల్లో ఇళయరాజా పాటలు పాడనని ప్రకటించారు. అభిమానులు రెండుగా చీలిపోయారు. పాడినవాడికే పాడుకునే హక్కు లేదా అని చాలామంది బాధపడ్డారు. చట్టం దృష్టిలో జవాబు సూటిగానే ఉంది: బహిరంగ కచేరీలో టికెట్ పెట్టి పాడితే మాటకూ బాణీకీ లైసెన్సు కావాలి, దాన్ని తీసుకోవలసింది సాధారణంగా నిర్వాహకులు. అయితే ఆ బాణీ హక్కు స్వరకర్త దగ్గర మిగిలిందా, నిర్మాతకు వెళ్లిందా అన్నది పాత ఒప్పందాల చిక్కుముడి. ఇళయరాజా పాటల మీద మద్రాసు హైకోర్టులో ఏళ్లుగా నడిచిన వ్యాజ్యాలన్నీ ఆ ముడి చుట్టూ తిరిగినవే. తర్వాత ఇద్దరూ కలిసిపోయి 2019లో ఒకే వేదిక మీద పాడారు. మిత్రుల మధ్య మాట కలిసింది గానీ, చట్టంలోని ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఇక బొంబాయి హైకోర్టు. న్యాయమూర్తి ఎస్.జె. కథావాలా ముందు వింక్ చేతిలో ఒక బలమైన కాగితం ఉంది. 2016లో కాపీరైట్ వ్యవహారాలు మానవ వనరుల శాఖ నుంచి పారిశ్రామిక విధాన విభాగానికి మారాయి. ఆ విభాగం అదే ఏడాది సెప్టెంబరు 5న ఒక మెమొరాండం జారీచేసింది. 31డిలో ప్రసారం అన్న మాటకు ఇంటర్నెట్ ప్రసారం కూడా వస్తుందని అందులో ఉంది. ప్రభుత్వమే అలా చెప్పాక ఇంకేం కావాలని వింక్ అంది. పాట గాలిలో తరంగంగా వస్తే ఒక లెక్క, ఫైబర్ తీగలోంచి వస్తే ఇంకో లెక్కా? వినేవాడికి రెండూ పాటే కదా.

వినడానికి న్యాయంగానే ఉన్న మాట ఇది. కానీ న్యాయమూర్తి వినేవాడి వైపు నుంచి కాకుండా యాప్ లోపలికి వెళ్లి చూశారు. అది ఏం చేస్తోంది? వింక్‌లో పాటను నేరుగా వినొచ్చు, అది ఒకటి. చందా కడితే ఫోన్‌లో దించుకుని, డేటా లేనప్పుడు కూడా వినొచ్చు. చందా ఆగితే ఆ పాట తెరుచుకోదు. మూడోది, డబ్బిచ్చి పాటను శాశ్వతంగా కొనుక్కోవడం. కొనుక్కుంటే అది అమ్మకం. చందా ఉన్నన్నాళ్లు వాడుకోవడం అద్దె. అమ్మకానికీ అద్దెకిచ్చే హక్కుకూ చట్టంలో వేరే గది ఉంది, ప్రజలకు వినిపించే హక్కుకు వేరే గది ఉంది. 31డి తెరిచింది రెండో గదిని మాత్రమే. కాబట్టి డౌన్‌లోడ్ విషయంలో వింక్‌కు ఆ సెక్షన్ అసలు వర్తించదు.

మరి వినిపించడం మాటేమిటి? దానికి తీర్పు చట్టం రాసిన తీరునే చూపించింది. 31డిలోని రాయల్టీ నిబంధన రేడియోకు వేరుగా, టెలివిజన్‌కు వేరుగా రేట్లు నిర్ణయించాలంటోంది. మూడో పేరు అందులో లేదు. 2012 నాటికి ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే సేవలు ప్రపంచమంతా నడుస్తున్నాయి. తెలిసి కూడా పార్లమెంటు ఆ పేరు చేర్చలేదంటే, చేర్చదలచుకోలేదనే అర్థం. యజమాని ఇష్టంతో పనిలేకుండా అతని ఆస్తిని వాడుకోనిచ్చే నిబంధన ఇది. అలాంటిదాన్ని రాసినదానికి మించి సాగదీయకూడదు. మెమొరాండం శాఖ అభిప్రాయమే తప్ప చట్టం కాదు, కోర్టును కట్టిపడేయదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 31డి కింద పాట వాడుకోవాలంటే బోర్డు ముందుగా రేటు నిర్ణయించి ఉండాలి. ఇంటర్నెట్ ప్రసారానికి అలాంటి రేటే లేదు. కాపీరైట్ బోర్డు పనులను 2017లో మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డులో కలిపేశారు గానీ, కాపీరైట్ చూడాల్సిన సభ్యుడి కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. రేటు లేని లైసెన్సు ఎలా చెల్లుతుంది? పరిశోధనకు, వ్యక్తిగత వాడకానికి ఇచ్చిన మినహాయింపు మాటునా వింక్ దాక్కోజూసింది, కోట్లమందికి పాటలమ్మే కంపెనీకి అది కుదరదని న్యాయమూర్తి తోసిపుచ్చారు. 2019 ఏప్రిల్ 23న టిప్స్‌కు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు వచ్చింది.

ఈ తీర్పు వచ్చిన సమయం కూడా కథలో భాగమే. దాదాపు రెండు నెలల ముందు, ఫిబ్రవరి చివర్లో, స్వీడన్ కంపెనీ స్పాటిఫై నెలకు ₹119 చందాతో భారత్‌లో అడుగుపెట్టింది. హిందీ, పంజాబీ, తమిళంతోపాటు తెలుగు పాటల సిఫార్సులు కూడా మొదటిరోజు నుంచే ఇచ్చింది. కానీ వార్నర్ సంస్థకు చెందిన పాటల ప్రచురణ హక్కుల దగ్గర బేరం ఆగిపోయింది. స్పాటిఫై కూడా 31డి నోటీసు తీసి చూపించింది. వార్నర్ చాపెల్ ఫిబ్రవరి 25న బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఆరంభాన్ని ఆపలేదు గానీ ₹6.5 కోట్లు డిపాజిట్ చేయమంది. రెండు విదేశీ కంపెనీలు ఒక భారతీయ రేడియో సెక్షన్ మీద ముంబయిలో తగువాడుకున్నాయి. వింక్ తీర్పు తర్వాత ఆ దారి ఇరుకైంది. 2020 జనవరిలో రాజీ కుదిరింది.

సరెగమాతో జరిగింది మన పాత పాటల శ్రోతలకు నేరుగా తగిలింది. 1900ల మొదట్లో కలకత్తాలో రికార్డింగులు మొదలుపెట్టిన గ్రామఫోన్ కంపెనీయే నేటి సరెగమా. హెచ్‌ఎంవీ కుక్క బొమ్మతో వచ్చిన రికార్డుల వారసత్వం దానిది. ఘంటసాల భగవద్గీత రికార్డు వచ్చింది హెచ్‌ఎంవీ నుంచే. 2019లో ఒప్పందం కుదరకపోవడంతో సరెగమా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, స్పాటిఫై ఆ పాటలన్నీ తీసేసింది. ఏడాదిపాటు ఆ యాప్‌లో వెతికిన శ్రోతకు పాత పాటల్లో పెద్ద భాగం దొరకలేదు. 2020 మేలో ఒప్పందం కుదిరాక తిరిగొచ్చాయి. యాప్‌లో పాట కనపడకపోతే సాంకేతిక లోపమనుకుంటాం. చాలాసార్లు దాని వెనక సంతకం పడని కాగితం ఉంటుంది.

టెక్ కంపెనీలకు ఇంకో అండ కూడా ఉంది. పాటలు ఎక్కించింది మేం కాదు, వినియోగదారులని చెప్పుకునేవాళ్లకు అది. సామాజిక మాధ్యమం మైస్పేస్ మీద టి-సిరీస్ 2008లో ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా దాని మీదే. 2011లో ఏకసభ్య ధర్మాసనం మైస్పేస్‌ను తప్పుపట్టింది. 2016 డిసెంబరు 23న ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును మార్చింది. లక్షల వీడియోల్లో ఏది ఎవరిదో కచ్చితంగా తెలిస్తేనే వేదికకు బాధ్యత ఉంటుంది, ఫలానా పాట మాదని యజమాని నిర్దిష్టంగా చెప్పాలి, చెప్పాక 36 గంటల్లో తొలగిస్తే రక్షణ వర్తిస్తుంది అని తేల్చింది. వింక్‌కు ఈ రక్షణ పనికిరాదు. తన పాటల జాబితా తనే పేర్చుకుంది కదా.

వింక్ అప్పీలు చేసింది. ప్రభుత్వం మధ్యలో మరో ప్రయత్నం చేసింది: 2019 మేలో విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో రేడియో, టెలివిజన్ అన్న చోట ప్రసారానికి సంబంధించిన ప్రతి విధానమూ అనే అర్థం వచ్చేలా మార్చాలని ప్రతిపాదించింది. ఆడియో కంపెనీలు గట్టిగా అడ్డుకున్నాయి. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ మార్పు కనిపించలేదు. 2022 అక్టోబరు 20న న్యాయమూర్తులు జి.ఎస్. పటేల్, గౌరీ గోడ్సే ధర్మాసనం వింక్ అప్పీలును కొట్టేసి, 31డి ఇంటర్నెట్‌కు వర్తించదని ఖాయం చేసింది.

ఈ తీర్పు సరైనదే. రేడియోకు 31డి ఎందుకిచ్చారో గుర్తుచేసుకోవాలి. రేడియోలో ఏ పాట ఎప్పుడొస్తుందో శ్రోత చేతిలో ఉండదు, పాట దాచుకోవడమూ ఉండదు. వినగా వినగా రికార్డు కొనాలనిపించేది. యాప్ ఆ కొనుగోలునే లేకుండా చేసింది. కోరిన పాట కోరిన క్షణంలో, ఎన్నిసార్లయినా. క్యాసెట్ దుకాణం పోయాక ఆడియో కంపెనీకి మిగిలిన దుకాణం యాపే. అందులో కూడా ధర ప్రభుత్వమే నిర్ణయిస్తే హైదరాబాద్ ఆదిత్య మ్యూజిక్ అయినా, బెంగళూరు లహరి అయినా, నిర్మాతకు ఆడియో హక్కుల కింద పెద్ద మొత్తం ముందే ఎందుకిస్తాయి? తెలుగు సినిమాలో ఆడియో ఫంక్షన్ పోయి, పాటలు ఒక్కొక్కటిగా యూట్యూబ్‌లో వదిలి, చివర్లో ప్రీ రిలీజ్ ఈవెంట్ పెట్టే పద్ధతి వచ్చింది. పాట విలువను డిజిటల్ వేదికలే తేల్చే రోజులకు తగ్గట్టు పరిశ్రమ అలా మారింది.

అయితే ఈ గెలుపు ఎవరిది? కోర్టులో నిలబడ్డవాళ్లు ఒకవైపు ఆడియో కంపెనీ, మరోవైపు టెలికాం కంపెనీ. పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు ఆ గదిలో లేరు. బేరం మాట్లాడుకునే హక్కు మిగిలింది లేబుల్‌కు. ఆ బేరంలో వచ్చిన మొత్తంలోంచి 2012 చట్టం చెప్పిన వాటా రచయితకు చేరుతోందా అన్నది వేరే యుద్ధం.

ఆ యుద్ధాన్ని నడిపింది ఐపీఆర్‌ఎస్. లోపల నిర్మాతలు, లేబుళ్ల పెత్తనం మీద ఏళ్లుగా ఆరోపణలు మోసిన ఆ సంస్థ 2017లో పునర్వ్యవస్థీకరణ జరిగి, మళ్లీ కాపీరైట్ సొసైటీగా నమోదైంది. జావేద్ అఖ్తర్ అధ్యక్షుడయ్యారు. యాప్‌లతో, వీడియో వేదికలతో ఒక్కొక్కటిగా లైసెన్సులు కుదుర్చుకుంటూ వచ్చింది. కానీ ఎఫ్‌ఎం స్టేషన్లు ఒక పాత వాదనను వదల్లేదు. రికార్డింగుకు లేబుల్‌కు డబ్బిచ్చాం, అందులోనే మాటా బాణీ ఉన్నాయి, మళ్లీ విడిగా రచయితకెందుకు అన్నది ఆ వాదన. 1977 తీర్పు నీడ అది. 2020 డిసెంబరు 31న అప్పిలేట్ బోర్డు రేడియో రేట్లు నిర్ణయిస్తూ మాటకూ బాణీకీ విడిగా రాయల్టీ ఉండాలంది. మూడు నెలలకే ప్రభుత్వం ఆ బోర్డునే రద్దుచేసి, ఆ పనులు కోర్టులకు అప్పగించింది.

2023 ఏప్రిల్ 28న బొంబాయి హైకోర్టులో న్యాయమూర్తి మనీష్ పిటాలే ఐపీఆర్‌ఎస్ వేసిన రెండు దావాల్లో ఉత్తర్వు ఇచ్చారు. ప్రతివాదులు రాజస్థాన్ పత్రిక, మ్యూజిక్ బ్రాడ్‌కాస్ట్ సంస్థలు. 2012 సవరణ ఏదో వివరణ కోసం చేర్చింది కాదనీ, రచయితల స్థితిని నిజంగానే మార్చిందనీ, రికార్డింగు ప్రసారమైన ప్రతిసారీ అందులోని మాటకూ బాణీకీ రాయల్టీ ఇవ్వాల్సిందేననీ తేల్చారు. బోర్డు నిర్ణయించిన రేట్ల ప్రకారం రేడియో సంస్థలు చెల్లించాలన్నారు. చట్టం వచ్చిన పదకొండేళ్లకు దాని అర్థం ఒక కోర్టు గట్టిగా చెప్పింది.

వింక్ మాత్రం ఆ తర్వాత ఎక్కువకాలం మిగల్లేదు. సొంత పాటల యాప్ నడపడం మానుకుని, తన చందాదారులకు ఆపిల్ మ్యూజిక్ ఇప్పిస్తామని ఎయిర్‌టెల్ 2024 ఆగస్టులో ప్రకటించింది. యాప్ పేరు జనం మర్చిపోయినా, దాని మీద నడిచిన కేసు మాత్రం డిజిటల్ లైసెన్సు వివాదాల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఆ కేసును ఇప్పుడు తిరగేస్తున్నవాళ్లు పాటల యాప్‌లవాళ్లు కాదు. 2024 నవంబరులో ఏఎన్‌ఐ వార్తా సంస్థ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. తన వార్తలను అనుమతి లేకుండా కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి వాడుకుందని ఆరోపణ. 2025 మొదట్లో టి-సిరీస్, సరెగమా వంటి సంగీత కంపెనీలు కూడా ఆ కేసులో తమ మాట వినాలని కోర్టును కోరాయి. లైసెన్సు అడిగి తీసుకోవాలా, చట్టమే ఇవ్వాలా అన్న ప్రశ్న ఇప్పుడు ఆ కోర్టు ముందుంది. వచ్చే భాగం అక్కడినుంచి మొదలవుతుంది.